బంగారు టిఫిను డబ్బా

మాదాపూర్‌లో కాపురమున్నాక పాతబస్తీ వెళ్లడమంటే పొరుగూరు ప్రయాణమే. అయినా మొన్న ఆదివారం ఎనభయ్యేడేళ్ల మా అత్తమ్మతో సహా అందరం పురానీ హవేలీలో నిజాం మ్యూజియానికి బయల్దేరాం. కారణం మా అబ్బాయి. ఆఫీసు పనిమీద అమెరికా వెళ్లినవాడు గెటిస్‌బర్గ్‌లో అంతర్యుద్ధం మ్యూజియం చూసొచ్చాడు. 1863లో వాళ్లలో వాళ్లే తలపడ్డ చోటు. తుపాకులే కాదు, సిపాయిల తిండి సామాను కూడా భద్రంగా దాచారట. "మన దగ్గర ఇలాంటి యుద్ధం జరగలేదా అమ్మా?" అన్నాడు.

జరక్కేం? 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెల్లో జరిగిందేమిటి మరి! దొరల వెట్టిమీద జనం తిరగబడ్డారు. రజాకార్లు ఊళ్లమీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఎందరినో కాల్చి చంపారు. సెప్టెంబరులో సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక కూడా, అదే సైన్యం దళాలకోసం మరో మూడేళ్లు అడవులు గాలించింది. ఎటుచూసినా చచ్చింది మనవాళ్లే.

పురానీ హవేలీలో ఆ ఊసు కనబడలేదు. నిజాంల ఇంట్లో నిజాంల సంగతులే ఉంటాయి, తప్పుపట్టలేం. ఆరో నిజాం బట్టల బీరువా ఉంది చూశారూ, దాన్ని బీరువా అనకూడదు, వీధి అనాలి! రెండంతస్తులు, పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు. చెప్పొద్దూ, నాకు కన్ను కుట్టింది. 1937 రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు సరేసరి. 2018లో ఇక్కణ్ణించి దొంగలు ఎత్తుకుపోయిన రత్నాల బంగారు టిఫిను డబ్బా సంగతి మావాడు నాయనమ్మకి చెప్పాడు. పట్టుబడేలోగా ఒక దొంగ అందులోనే అన్నం తిన్నాడట.

అత్తమ్మ పకపకా నవ్వారు. తర్వాత, "నేను గటక మోసిన గంప ఏడ పెట్టిన్రు బిడ్డా?" అన్నారు.

మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆవిడ పుట్టిల్లు జనగామ దగ్గర పల్లె. అప్పుడు పదేళ్లపిల్ల. గంప అడుగున జొన్నగటక మూట, పైన పిడకలు. ఊరవతల దాక్కున్న దళానికి అది అందించాలి. దారిలో రజాకార్లు ఆపితే గట్టిగా ఏడవమని వాళ్లమ్మ నేర్పిందట. "ఏడిస్తె పోనిస్తరు," అన్నారు అత్తమ్మ, పప్పులో ఉప్పు సంగతి చెప్పినట్టు. నలభై ఏళ్లుగా ఒకే కప్పుకింద ఉన్నాం, ఈ ముక్క ఎన్నడూ వినలేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తమ్మా?"

"ఎవలడిగిన్రు?"

అడిగినవాళ్లు తక్కువే. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆ పోరాటంలో తిరిగిన ఆడవాళ్లని కూర్చోబెట్టి అడిగారు. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని పుస్తకం వేశారు. దొరికితే చదవండి. మన ఇళ్లలోని పెద్దవాళ్లలాంటి వాళ్లే అందులో మాట్లాడతారు.

ఇప్పుడు మావాడు హైటెక్ సిటీ నుంచి మధ్యాహ్నం భోంచేస్తూ నాయనమ్మకి ఫోన్ చేస్తున్నాడు. రోజుకో ప్రశ్న. గంప ఎవరల్లారు, గటకలోకి నంజుకోను ఏం పెట్టేవారు, ఆవిడ అన్నీ చెబుతున్నారు. మూట అందుకున్న మనిషి పేరు అడిగితే మాత్రం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పేరు చెప్పద్దని మాట తీస్కున్నరు బిడ్డా," అంటున్నారు.