ఇంగ్లీషు కుడుము

'ఇది మనము తినునది కాదు' అను మాట మన ఇండ్లలో ఎంత తేలికగా వచ్చునో, ఆ పదార్థమే పరదేశపు పేరు పెట్టుకొని వచ్చినప్పుడు 'దీని నెట్లు వండుదురో' అను ఆసక్తియు అంత తేలికగానే పుట్టును. ఈ సంగతి నాకు పెదవేగిలోని మా వంటయింటిలోనే తెలిసివచ్చినది.

ఇంగ్లండులో చదువుకొని వచ్చిన మా అబ్బాయి అచ్చటి మాంసపు పుడ్డింగును ఇంట చేయుమని కోరెను. పుడ్డింగనగా మనకు తీపి వంటకమే తోచును. ఇది తీపి కాదు. మైదాపిండి ముద్దలో మాంసమును, మూత్రపిండములను మూసి గంటలకొలది ఆవిరిపై ఉడికించు కుడుము. 1861లో ప్రకటితమైన ఇసబెల్లా బీటన్ గృహనిర్వహణ గ్రంథములో దీని విధానము కలదు. వారు గోమాంసముతో చేయుదురు. మేము పొట్టేలి మాంసముతో చేసితిమి. పూర్వము పుడ్డింగులను గుడ్డలో మూటగట్టి నీటిలో ఉడికించెడివారట. అది వినగానే మా అత్తగారి వాసెనకుడుము జ్ఞాపకము వచ్చినది. కుండలో నీరు పోసి, మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, పిండి దానిపై నుంచి మూతవేయుటయే గదా! ఆవిరికి దేశభేదము లేదు.

ఏలూరు మాంసపు కొట్టులో మూత్రపిండములును, వాని చుట్టునుండు గట్టి కొవ్వును అడుగగా, దుకాణదారు ఆశ్చర్యపడి, “ఇవి పేటవాళ్లు పట్టుకెళ్తారండీ, మీకెందుకమ్మా?” అనెను. నేను నవ్వి, “ఇంగ్లీషు వంటకు” అంటిని. అతడును నవ్వెను. నా నవ్వు మాత్రము దారిలోనే చల్లారినది.

కొన్నేండ్ల క్రిందట మా పామాయిలు తోటలో పనిచేయు ముసలామె మధ్యాహ్నము క్యారేజి విప్పగా బోటికూర వాసన వచ్చినది. “ఆ గట్టుమీదికి పోయి తినవే” అని నేను కసరితిని. ఆమె మారుమాటాడక గిన్నె చేతబట్టుకొని ఎండలోనికి పోయినది. మా ఇంటిలో మాంసము నిషిద్ధము కాదు. మరి నాకు రోత కలిగించినది మాంసమా, దానిని తిను మనిషా? ఆనాడు ఈ ప్రశ్న వేసికొననైతిని.

మూత్రపిండములను శుభ్రపరచుట నాకు తెలియదు, పుస్తకము చెప్పినను చేతికి లొంగలేదు. కడకు ఆమెనే పిలిపించితిని. ఆమె పైపొర ఒలిచి, నిలువున చీల్చి, లోపలి తెల్లని నరములను కత్తికొనతో తీసివేసి, ఉప్పు పసుపులతో కడిగి ఇచ్చినది. ఇంతటి నేర్పు నా ఎదుటనే ఇన్నాళ్లున్నదని నేనెరుగను.

మూడువందల గ్రాముల మైదాలో నూటయేబది గ్రాముల తురిమిన కొవ్వును, మూడు చిన్నచెంచాల బేకింగు పౌడరును, ఉప్పును కలిపి, చన్నీళ్లతో మెత్తగా తడిపితిని. ఇందు నూనె పనికిరాదు. మా ఊర ఆయిల్‌పామ్ పరిశోధనకు జాతీయ సంస్థయే యున్నను ఈ విషయమున కొవ్వుదే పైచేయి. అది గట్టిది గనుక పిండి బిగియుటకు ముందుగా కరగిపోదు. కరగినచోట సన్నని ఖాళీలు మిగిలి పిండి గుల్లవారును. మన ఎండలకు అది మెత్తబడును గనుక తెల్లవారుజామునే ఆ పని ముగింపవలెను.

స్టీలు గిన్నెకు ఆ ముద్దను పరచి, అరకిలో మాంసము, మూత్రపిండముల ముక్కలు, ఉల్లి, మిరియాలు, కొంచెము నీరు నింపి, పైన పిండిమూత అంటించితిని. పొంగుటకు వీలుగా మడతపెట్టిన కాగితము కప్పి, గుడ్డతో వాసెన కట్టి, సగమువరకు మరుగునీరున్న పాత్రలో నుంచి మూతపెట్టితిని. నాలుగున్నర గంటలు సన్నని సెగ కావలెను. నడుమ నడుమ వేడినీరే పోయవలెను. ముదురు మాంసములోని బిగువు కరగి రసమునకు జిగి కలుగుటకు ఆ కాలమంతయు పట్టును. త్వరపడినవారికి ఇది లొంగదు.

విప్పి చూడగా పుడ్డింగు చక్కగా దిగినది. మా అబ్బాయి మెచ్చెను. నేను ముసలామెకు పళ్లెములో పెట్టి, బల్లవద్ద కుర్చీ జరిపి, “రండి, ఇక్కడ కూర్చోండి” అంటిని. ఆమెను మన్నించి పిలుచుట నాకు అదే మొదటిసారి. ఆమె నావంక చూచి, “నాకీ అరుగు మీదే బాగుంటాదమ్మగారూ” అని పళ్లెము తీసికొని బయట కూర్చుండెను. రెండు ముక్కలు తిని, “మెత్తగా ఉంది గానీ ఉప్పు సాల్లేదండి” అనెను. ఆ మాట నిజమే.

నేనును నా పళ్లెము తీసికొని అరుగుమీదికి పోయితిని. ఆమె కొంచెము ప్రక్కకు జరిగెను. చోటిచ్చుటకో, దూరము పాటించుటకో నాకు తెలియలేదు. రెండవదే యైనచో ఆ దూరమును నేర్పినది నేనే. కసరుటకు ఒక్క క్షణము చాలినది. దానిని పోగొట్టుటకు నాలుగున్నర గంటల ఆవిరి చాలదు.