పుట్టింటి కార్డు

మహబూబ్‌నగర్‌లో నేను వెళ్ళిన ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ మెట్ల పక్కనే ఉంది. ఒక కంప్యూటర్, ఒక ఫోన్, తాడు కట్టిన ఫైళ్ళ దొంతర, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఉదయం తొమ్మిదిన్నరకే ఏడుగురు నిలబడి ఉన్నారు. కౌంటర్ వెనక ఉన్న ఆరోగ్యమిత్రకు ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను పక్క కుర్చీలో కూర్చోమని, ‘సార్, మీరు చూడండి, నేను పని చేసుకుంటా’ అంది.

ఈ పథకం మొదలైందే ఈ నేలమీద. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో తొలి విడతగా మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించారు. మూడూ వలసకు పేరుబడ్డ జిల్లాలే. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి 2 లక్షల దాకా వైద్యం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి అది 10 లక్షలు. ప్రీమియం కట్టనక్కర్లేదు, పాలసీ పుస్తకం అక్కర్లేదు. ఆహార భద్రత కార్డులో పేరుంటే చాలు. ఆ ‘ఉంటే’ అన్న చోటే అసలు కష్టమంతా ఉందని అక్కడ కూర్చున్న గంటలోనే అర్థమైంది.

మూడో మనిషిగా ఒక ముసలమ్మ వచ్చింది. వెనక కోడలు, ఇరవై రెండేళ్ళు ఉండవచ్చు, నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని నిలబడింది. గుండె కవాటం పాడైంది, ఆపరేషన్ చేయాలి, హైదరాబాద్ నిమ్స్‌కు తీసుకుపొమ్మని డాక్టర్ రాసిచ్చాడు. ముసలమ్మ కొంగు ముడి విప్పి, లామినేషన్ చేయించిన కార్డు తీసి బల్లమీద పెట్టింది. మడతపెట్టీ మడతపెట్టీ ప్లాస్టిక్ మధ్యలో తెల్లగా చారపడింది. అందులో ముసలమ్మ, ఆమె భర్త, కొడుకు. మూడే పేర్లు.

‘కోడలి పేరు ఎక్కలే గదా అవ్వా.’

‘ఎక్కిస్తమన్నరు బిడ్డా. పెండ్లయి రెండేండ్లాయె.’

‘అమ్మగారింట్ల తీసేయించిండ్రా?’

‘ఏమో బిడ్డా, నాకేమెరుక.’

ఆరోగ్యమిత్ర కోడలి వైపు తిరిగింది. ‘చెల్లే, మీ అన్నకు ఫోన్ చెయ్యి. కార్డు ఫొటో తీసి వాట్సాప్‌ల పెట్టమను.’

ఆ అన్న మక్తల్ దగ్గర పొలంలో ఉన్నాడట. ఇంటికి పోయి ఫొటో తీసి పంపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ ముసలమ్మ కూర్చోలేదు. ఫొటో రాగానే ఆరోగ్యమిత్ర నంబరు కొట్టి, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే కిందికి చదివింది. నాలుగో పేరు ఆ అమ్మాయిదే. పుట్టింటి వాళ్ళు తీయించలేదు.

‘ఉంది. దీని మీదనే పోవచ్చు. నిమ్స్‌ల కౌంటర్ కాడ ఈ కార్డూ ఆధారూ చూపియ్యండి. ఆపరేషన్ అయ్యేదాకా ఈ పేరు జోలికి పోకుండ్రి.’ ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. ముసలమ్మ చేత కూడా చెప్పించింది.

ఎందుకంతగా చెప్పారని తర్వాత అడిగాను. అత్తింటి కార్డులో పేరు ఎక్కాలంటే ముందు పుట్టింటి కార్డులో తొలగించాలి. తొలగించడం తొందరగానే అవుతుంది, ఎక్కించడమే ఆలస్యం. తెలంగాణలో కొత్త కార్డులూ చేర్పులూ ఏళ్ళ తరబడి ఆగిపోయి, 2025లో గానీ మళ్ళీ ఊపందుకోలేదు. ఆ నడుమ పెళ్ళయిన ఆడపిల్లలు ఎందరో ఏ కార్డులోనూ లేకుండా ఉండిపోయారు. కాన్పులు, గుండెజబ్బులు, కిడ్నీ జబ్బులు వాళ్ళ కోసం ఆగవు కదా. పేరు లేనివాళ్ళు అప్పు తెచ్చి వైద్యం చేయించుకుని, బిల్లులు పట్టుకుని సీఎం రిలీఫ్ ఫండ్ కోసం ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ తిరుగుతారు. చెక్కు వచ్చినా అయిన ఖర్చులో అది కొంతే.

మధ్యాహ్నం దేవరకద్ర వైపు ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ మహిళా సంఘం లెక్కలు రాసే వీవోఏ, నెలనెలా మీటింగులో పొదుపు వసూలయ్యాక అందరి కార్డులూ ఒకసారి చూస్తుంది. ఎవరింట్లో పెళ్ళయింది, ఎవరికి బిడ్డ పుట్టింది, బొంబాయి పోయిన కొడుకు రేషన్ దుకాణంలో వేలిముద్ర వేశాడా లేదా అన్నీ అడిగి, పొదుపు పుస్తకం చివరి పేజీల్లో రాసుకుంటుంది. ఈ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, జీతమూ లేదు. పెన్సిల్‌తో గీసిన ఆ గడుల్లో కొన్నింటికి ఎర్ర సిరాతో టిక్కులున్నాయి. అవి పేరు ఎక్కిన ఇళ్ళు.

అక్కడ ఒకామె బ్యాంకు పాసుబుక్కు చూపించి, ‘మాకు బీమా ఉంది సార్, ఏటా 20 రూపాయలు కోస్తరు’ అంది. అది ప్రమాద బీమా. ప్రమాదంలో మనిషి పోయినా, కాళ్ళూ చేతులూ పోయినా డబ్బు వస్తుంది గానీ జ్వరంతో ఆసుపత్రిలో చేరితే పైసా రాదు. ఇంకొకామె రైతు బీమా ఉందని ధైర్యంగా ఉంది. అది రైతు చనిపోతే కుటుంబానికి ఇచ్చే 5 లక్షలు. వీవోఏ ఇద్దరికీ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. బీమా అన్న ఒక్క మాట కింద ఇన్ని రకాలు పెట్టినప్పుడు, ఏది దేనికో చెప్పే బాధ్యత కూడా పెట్టినవాళ్ళదే. ఆ భారాన్ని ఊరి ఆడవాళ్ళ మీద వదిలేయడం సరికాదు.

ఇది చదువులేనివాళ్ళ సమస్య అనుకోకండి. మా అన్న హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పదకొండేళ్ళు పనిచేశాడు. ఉద్యోగం పోయింది, దాంతో కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయింది. మూడు నెలలకు పక్షవాతం వచ్చింది. బయటికి వచ్చేటప్పుడు అదే బీమా సంస్థ దగ్గర సొంత పాలసీకి మారే వీలుంటుందని, అలా మారితే పాత కాలం కూడా లెక్కలోకి వస్తుందని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. రిలీవింగ్ లెటర్ చేతికిచ్చిన రోజున ఎవరైనా ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే, వదిన నగలు మిగిలేవి. మా ఇంట్లో ఆ మాట చెప్పే ఆరోగ్యమిత్ర లేకపోయింది.

సాయంత్రం మళ్ళీ ఆసుపత్రికి వచ్చేసరికి కౌంటర్ దగ్గర ఇంకా నలుగురున్నారు. పొద్దున వచ్చిన కోడలి కుటుంబం మరునాడు తెల్లవారుజామున బస్సుకు నిమ్స్‌కు బయలుదేరుతున్నదని ఆరోగ్యమిత్ర చెప్పింది.

మీ ఇంట్లో ఈమధ్య పెళ్ళయిన పిల్ల ఉన్నా, కొత్తగా పుట్టిన బిడ్డ ఉన్నా, ఉద్యోగం మారిన కొడుకున్నా, వాళ్ళ పేరు ఏ కార్డులో, ఏ పాలసీలో ఉందో ఈ వారమే చూడండి. ఆరోగ్యశ్రీ గురించి అనుమానముంటే 104కు ఫోన్ చేయండి. అత్తింటి కార్డులో ఎక్కించే దారి ఖాయం చేసుకోకుండా పుట్టింటి కార్డులో పేరు తీయించకండి.