950 మిల్లీలీటర్లు

నూనె మార్చడం అంటే నాకు తెలిసింది ఒక్కటే. గారెలు వేయించాక మూకుట్లో మిగిలిన నూనె వడకట్టి పక్కన పెట్టుకోవడం. బండికీ నూనె మారుస్తారని తెలుసు కానీ, అది మన వాకిట్లో కూర్చుని చేసుకునే పని అని ఈ ఆదివారమే చూశాను.

మావాడి బండి యమహా ఆర్15. కొన్న రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బండి మీద బోర్లా పడుకున్నట్టు వంగి నడపడం ఏమిటో! ఆ గోడు ఇంకోసారి రాస్తాను. ఇవాళ మా వారి సంగతి.

పెళ్ళయిన కొత్తలో మాకు చేతక్ స్కూటర్ ఉండేది. ఆదివారం వస్తే చాలు, ఆయన స్పానర్లు ముందేసుకుని కూర్చునేవారు. ప్లగ్గు గీకడం, క్లచ్ కేబుల్ బిగించడం, గేర్ ఆయిల్ మార్చడం, అన్నీ ఆయనే. మెకానిక్కి ఇవ్వడమంటే పరువు తక్కువ. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నారు, మాట బాగుంది, కుడిచేతి వేళ్ళు మాత్రం చెప్పిన మాట వినవు. చొక్కా గుండీలు నేనే పెడతాను. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే స్పానర్ల పెట్టె అటక మీద పెట్టించేశారు. ఎందుకని నేనూ అడగలేదు.

శనివారం రాత్రి అన్నం తింటూ మావాడు "నాన్నా, రేపు ఇంజన్ ఆయిల్ మార్చాలి, నువ్వు పక్కన కూర్చుని చెప్తావా?" అన్నాడు. ఈయన "షోరూంలో చేస్తారు కదరా" అని స్పూనుతో పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయారు. వాడు రెట్టించలేదు. పొద్దున్న నేను ముగ్గేసి లేచేసరికి పెట్టె వాకిట్లో ఉంది, పక్కనే ఆయన కుర్చీ ఉంది. కాఫీ తాగి ఏమీ అనకుండా వెళ్ళి కూర్చున్నారు.

ముందు బండిని ఓ ఐదు నిమిషాలు నడిపించి ఆపారు. నూనె కాస్త వేడెక్కితే పల్చబడి, మడ్డితో సహా దిగిపోతుందట. మరీ కాలిపోతే చెయ్యి పెట్టలేం. కింది తొడుగు విప్పి, నా పాత బేసిన్ పెట్టి, బోల్టు విప్పాడు. నల్లగా, చింతపండు పులుసు మాడినట్టు కారింది. ఈయన వంగి ఎడమచేతి వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశారు. "ఇనప రజను లేదు. బండిని బాగానే చూసుకుంటున్నావురా" అన్నారు. ఈ బండి గురించి నా గుండె కాస్త కుదుటపడ్డ మాట ఇప్పటిదాకా అదొక్కటే.

కొత్త సీసా మీద అక్షరాలు కూడా ఆయనే చదివారు. కారు నూనె చవకని పోయకూడదట. బైకుల్లో ఇంజనూ, గేర్లూ, క్లచ్ ప్లేట్లూ ఒకే నూనెలో మునిగి ఉంటాయి. కారు నూనెల్లో జారుడు కోసం కలిపే సరుకు వల్ల క్లచ్ పట్టు తప్పే ప్రమాదం ఉందట. సీసా మీద జాసో ఎంఏ2 అని ఉండాలన్నారు. చేతక్ రోజుల్లో ఇవేవీ లేవు, ఎప్పుడు నేర్చుకున్నారో మరి.

బోల్టుకి కొత్త వాషర్ తొడిగి మావాడు స్పానర్ ఎత్తాడు. "ఆగరా! బోల్టు ఇనుము, అది ఎక్కే చోటు అల్యూమినియం. మర వంకరగా పడిందా, మొత్తం పోతుంది. ముందు వేళ్ళతో ఎక్కించాలి. ఇటివ్వు."

కుర్చీ దిగి, గోడ పట్టుకుని నేలమీద కూర్చున్నారు. ఎడమచేత్తో బోల్టు పెట్టారు. జారి బేసిన్‌లో పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది. నేను లేవబోతే మావాడు కళ్ళతోనే వద్దన్నాడు. వాడు బోల్టు తుడిచి ఇవ్వడం, ఆయన పెట్టడం. ఐదోసారో ఆరోసారో పట్టుకుంది. మెల్లగా తిప్పుతూ "ఎక్కింది" అన్నారు, ఎవరికో అప్పగింతలు పెడుతున్నట్టు. అప్పుడు మావాడు స్నేహితుడి దగ్గర తెచ్చిన టార్క్ రెంచితో బిగించాడు.

ఫిల్టర్ కూడా మార్చారు కాబట్టి 950 మిల్లీలీటర్లు. ఎక్కువ పోసినా చేటేనట. నా కొలత జగ్గు పట్టుకుపోయారు, అది ఇక వంటింట్లోకి రాదు. నల్లనూనె డబ్బాలో పోసి, వాడిన నూనె కొనేవాళ్ళకి వేసే మెకానిక్ షాపులో ఇచ్చి రమ్మన్నారు. పక్కింటి పిన్నిగారు తలుపుల చెదలకి కాస్త పోయమని గిన్నె తెచ్చారు కానీ, ఒంటికి తగిలితే మంచిది కాదని ఇవ్వలేదు. కాలవలో మాత్రం చుక్క పోయనివ్వలేదు.

లీటరు సీసాలో అడుగున ఇంకా 50 మిగిలింది. దాచనా అని మావాడు అడుగుతుంటే, "గేటు కీచుమంటోంది రెండేళ్ళ నుంచీ" అని ఈయన సీసా ఎడమచేత్తో పట్టుకుని అటు నడిచారు.