సైకిల్ మీద పుట్టింటికి...

యాభై దాటిన ఆడవాళ్లు తమకోసం ఏం కొనుక్కుంటారు? ఓ చీర, మహా అయితే జత గాజులు. నేను గేర్ల సైకిల్ కొనుక్కున్నాను. మా వీధిలో అది నాలుగు రోజులపాటు పెద్ద వార్త! 'మీ మనవడికా?' అని అడిగినవాళ్లే ఎక్కువ.

మాది మలికిపురం దగ్గర చిన్న ఊరు. చిన్నప్పుడు మా ఇంట్లో నాన్నగారి సైకిల్ ఉండేది. అన్నయ్యలిద్దరూ ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి అడ్డంగా తొక్కుతూ నేర్చేసుకున్నారు. నేను దగ్గరికి వెళ్తే మాత్రం అమ్మ ఊరుకునేది కాదు. 'ఆడపిల్లవి, పడి కాలో చెయ్యో విరిగితే రేపు నిన్నెవరు చేసుకుంటారే?' అనేది. ఆ రోజుల్లో ఏ తల్లయినా అదే మాట అనేది. అందుకే నాకు అమ్మ మీద కోపం లేదు. కోరిక మాత్రం అలాగే ఉండిపోయింది.

రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం, పొద్దస్తమానం కుర్చీలోనే. కిందటేడు పరీక్షలు చేయిస్తే షుగర్ గుమ్మం దాకా వచ్చిందన్నారు. 'రోజూ నడవండి, లేదా సైకిల్ తొక్కండి' అన్నారు డాక్టరుగారు. ఆయన రెండోమాట యథాలాపంగానే అని ఉంటారు, నేను మాత్రం దాన్నే పట్టుకున్నాను. తెల్లవారుజామున గోదావరి గట్టు మీద మా అమ్మాయి సీటు పట్టుకుంటే నెలరోజుల్లో నేర్చుకున్నాను. ఇప్పుడు మూడురోజుల ప్రయాణం పెట్టుకున్నాను... సైకిల్ మీద పుట్టింటికి!

దారి ముందే గీసుకున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కణ్నుంచి కాలవ గట్టు వెంబడి ఆత్రేయపురం, రావులపాలెం మీదుగా సాయంత్రానికి అంబాజీపేటలో పిన్నిగారిల్లు. రెండోరోజు పి.గన్నవరం, రాజోలు మీదుగా మా ఊరు. మూడోరోజు అంతర్వేది వెళ్లి నరసింహస్వామి దర్శనం చేసుకుని రావడం. కొండలూ ఘాట్లూ లేని డెల్టా కాబట్టి కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి దారి దొరకదు. తిరుగు ప్రయాణానికి అన్నయ్య ట్రాలీ ఆటో ఉండనే ఉంది.

అయితే రోజుకు యాభై కిలోమీటర్లంటే కూరగాయల బజారుకి వెళ్లొచ్చినట్టు కాదుగా! అందుకే మూడునెలల ముందునుంచీ సాధన. మొదటివారం రోజుకు ఎనిమిది కిలోమీటర్లు. తర్వాత వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాను. ఒక్కరోజు ఎక్కువ తొక్కడం కష్టం కాదు, మర్నాడు పొద్దున్నే మళ్లీ సీటెక్కడమే కష్టం. కాబట్టి శని, ఆదివారాలు వరసగా రెండురోజులూ తొక్కుతున్నాను. కిందటివారం ముప్ఫై అయిదేసి కిలోమీటర్లు పూర్తయ్యాయి.

సీటు ఎత్తు సరిగ్గా లేకపోతే మోకాళ్లు పట్టేస్తాయి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. ఈ కిటుకు మా వీధి చివర పంచర్లు వేసే తాత చెప్పాడు. చక్రం విప్పడం, ట్యూబు మార్చడం, గాలి కొట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. టైరులో గాలి ఎంత ఉండాలో టైరు పక్కనే అచ్చేసి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. ఇప్పుడు పంచర్ అయితే ఇరవై నిమిషాల్లో బాగుచేసుకోగలను.

సామాను భుజాన మోస్తే నడుం పట్టేస్తుంది. అందుకే అన్నీ క్యారియర్‌కి రెండువైపులా కట్టిన సంచుల్లోనే. రెండుజతల బట్టలు, స్పేర్ ట్యూబు, చిన్న పంపు, మందులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అరటిపళ్లు, వేరుశనగ ఉండలు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు నీళ్లు తాగాలి. శీతాకాలంలో కాలవ గట్ల మీద మంచు దట్టంగా పడుతుంది. కాబట్టి బాగా తెల్లవారాకే బయల్దేరడం. తలకి హెల్మెట్, వెనక ఎర్రలైటు, మెరిసే జాకెట్... ఈ మూడూ లేనిదే గుమ్మం దాటకూడదని మావారి షరతు. లారీలంటే ఆయనకి భయం. నిజం చెప్పాలంటే నాకూ భయమే. అందుకే హైవేని వీలైనంత తప్పించాం.

'ఈ వయసులో అవసరమా?' అన్నవాళ్లకి నేను రెండు సంగతులు చెబుతుంటాను. అమెరికాలో ఫ్రాన్సెస్ విలార్డ్ అనే సంఘ సంస్కర్త యాభై మూడో ఏట సైకిల్ నేర్చుకుని, 1895లో దానిమీద ఏకంగా పుస్తకమే రాశారు. మన పక్కనున్న తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్లు వేలాదిగా సైకిళ్లెక్కారు. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ వాళ్ల వెనక నిలబడ్డారు. బస్సు కోసం, మగవాళ్ల కోసం ఎదురుచూడకుండా నీళ్లబిందెలూ పిల్లలూ సైకిల్ మీదే వెళ్లారు. వాళ్లతో పోలిస్తే నాదెంత?

ఇక మిగిలింది అమ్మ. ఆవిడకిప్పుడు డెబ్భై ఎనిమిది. ఫోన్లో సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. 'బస్సులు మానేశారా ఏంటే?' అంది చివరికి. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదట. నాలుగు రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. దారిలో ఎక్కడెక్కడ ఆగుతానో ఒక్కో ఊరూ అడిగి, వదినతో కాగితం మీద రాయించింది. పెట్టేసే ముందు నెమ్మదిగా అంది... 'ఆరోజుల్లో నాకూ నేర్చుకోవాలనే ఉండేదే. మీ నాన్నని అడగడానికి సిగ్గేసింది.'

యాభై ఏళ్లలో అమ్మ ఈ మాట నాతో అనడం ఇదే మొదటిసారి! మోకాళ్లు నొప్పెట్టినప్పుడల్లా ఆ మాటే గుర్తుచేసుకుంటున్నాను. వచ్చే శుక్రవారమే ప్రయాణం. సంచుల్లో సామాను సర్దేశాను. అంతర్వేది వెళ్లొచ్చాక, ఊళ్లో చెరువుగట్టు మీద అమ్మని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఒక్క చుట్టు తిప్పాలని ఉంది. ఒప్పుకుంటుందో లేదో... అడిగి చూస్తాను.