పాత స్లీపర్లూ, పెరటి గోడా

ఇంగ్లాండులోనో అమెరికాలోనో స్థిరపడ్డ మన ఫ్రెండ్స్ ఇళ్ళ ఫోటోలు చూసే ఉంటారు. ఇంటి వెనక తోట, అందులో మోకాలెత్తు చెక్క గోడ, గోడ వెనక మట్టి నింపి పూలమొక్కలు. "రైల్వే స్లీపర్లతో నేనే కట్టాను" అని ఓ గర్వం కూడానూ. దేశంలో అందరికీ స్లీపర్ అంటే ఎస్-7లో సైడ్ అప్పర్ బెర్తు. మా గుంతకల్లు వాళ్ళకి మాత్రం పట్టాల కింద పరిచే దుంగ.

ఇంతకీ ఈ గోడ గోల నాకెందుకంటే, మా పెరడు వీధికన్నా రెండడుగులు ఎత్తులో ఉంటుంది. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. అవి వచ్చినప్పుడు నీళ్ళతో పాటు పైమట్టి కూడా వీధిలోకి పోతుంది. మిగిలిన గట్టి నేలలో వంకాయ మొక్క కూడా బతకదు. మా నాయన రైల్వేలో ట్రాక్ పని చేసి రిటైరైనవాడు. "యాడన్నా పాత స్లీపర్లు దొరుకుతాయేమో చూడప్పా, అడ్డంగా గోడ కడదాం" అన్నాడు.

అన్నాక లెక్కలు వేయకుండా ఉండలేం కదా. మన మీటర్ గేజ్ స్లీపర్ 180 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 11.5 మందం. బ్రాడ్ గేజ్‌ది 275 పొడవు, 25 వెడల్పు, 13 మందం. మీటర్ గేజ్ వాటిని అంచు మీద నిలబెట్టి పేరిస్తే మూడు వరసలకి 60 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు. భూమిలో ఇంకో వరస. పద్దెనిమిది అడుగుల గోడకి వరసకి మూడు చొప్పున పన్నెండు స్లీపర్లు. సాల్ చెక్కైతే ఒక్కోటి 35 కిలోల దాకా తూగుతుంది.

పని చెప్పుకోడానికి తేలికే. కందకం తవ్వి, కంకర పోసి, దిమ్మిసతో గట్టిపరచాలి. మొదటి వరస అందులో కూర్చోవాలి. పై వరస అతుకులు కింది అతుకుల మీద పడకూడదు. చెక్కలకి రంధ్రాలు వేసి కమ్మీలు భూమిలోకి దిగ్గొట్టాలి. గోడ కాస్త మట్టి వైపుకి వాలి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనకాల ఓ జానెడు మందాన కంకర, నీళ్ళు బయటికి పోడానికి సందులు. గోడ ఎత్తు రెట్టింపైతే మట్టి తోపు నాలుగింతలవుతుంది, గోడని పడదోసే బలం ఎనిమిదింతలవుతుంది. దానికి తోడు వెనక నీళ్ళు నిలిస్తే, ఇక చెప్పక్కర్లేదు. మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఆ కంకర ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ లాంటిది. ఏడాదిలో మూడువందల రోజులు దాని అవసరమే ఉండదు. అవసరం పడ్డ రోజు అది లేకపోతే గోడ ఉండదు.

అయితే అసలు చిక్కు చెక్కతోనే. సాల్ (మన గుగ్గిలం చెట్టు), టేకు లాంటివి సహజంగానే గట్టివి కాబట్టి మందు పెట్టకుండానే స్లీపర్లుగా వాడేవాళ్ళు. దేవదారు, చీర్ పైన్ లాంటి వాటికి మాత్రం క్రియోసోట్ పట్టించేవాళ్ళు. అది బొగ్గు తారు నుంచి తీసే నూనె. చెదలు దగ్గరికి రావు, నిజమే. కానీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 2ఎ వర్గంలో పెట్టింది, అంటే మనిషికి క్యాన్సర్ తెచ్చే అవకాశం బాగా ఉన్నవాటిలో. యూరోపియన్ యూనియన్ 2001లో తెచ్చిన ఆదేశం ప్రకారం ఈ మందు పెట్టిన పాత చెక్కని పిల్లల ఆటస్థలాల్లో, ఒంటికి తరచూ తగిలేలా తోటల్లో వాడకూడదు. అక్కడ ఇప్పుడు ‘స్లీపర్లు’ అని కొత్తగా అమ్మేవాటిలో చాలావరకు రైలు ముఖం చూడని చెక్కలే లెండి.

1992లో మొదలైన యూనిగేజ్ ప్రాజెక్టుతో మీటర్ గేజ్ లైన్లు ఒక్కొక్కటే పోయాయి, చెక్క స్థానంలో కాంక్రీటు స్లీపర్లు వచ్చాయి. తీసేసిన చెక్కల్లో ఏది సాలో, ఏది మందు పెట్టిందో ఎక్కడో పేర్చిన కుప్పలో తెలిసేదెట్లా? మా ఎండలకి పాత నూనె మళ్ళీ పైకి ఊరుతుంది. ఆ గోడ పక్కన టమోటాలు పెట్టడం, మా అక్క కూతురు దాని మీదెక్కి ఆడుకోవడం నాకు ఇష్టం లేదు. అదే చెప్పాను.

"ముప్పై ఏండ్లు వాటి మీదే నడిచినా, చేతుల్తో మోసినా. నాకేమయింది?" అన్నాడు నాయన.

నా దగ్గర సమాధానం లేదు. ఆయనకేమయిందో ఎవరూ పరీక్ష చేసి చూడలేదు. ఆ నల్లటి నూనె ఏమిటో ఆయనకెవరూ చెప్పలేదు కూడా. ఆయనకి తెలియకుండా జరిగింది, మనం తెలిసి పిల్లలకి చెయ్యక్కర్లేదని నా వాదన. ఆయన ఒప్పుకున్నాడని చెప్పను గానీ, రెండ్రోజుల తర్వాత "సరే, రాయితో కడదాంలే" అన్నాడు.

నిజానికి మా వైపు రాయికేం కరువు? వానకే కరువు. చేల చుట్టూ కంచెకి పాతే రాతి కూసాలు, తాడిపత్రి బండలు, గట్ల మీద పేర్చిన గుండ్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. హనుమంతరావు కమిటీ 1994లో ఇచ్చిన నివేదిక తర్వాత, 1995 మార్గదర్శకాలతో నడిచిన వాటర్‌షెడ్ పనుల్లో వాలుకి అడ్డంగా కట్టిన రాతికట్టల సూత్రం కూడా ఇదే. సిమెంటు లేకుండా పేర్చిన రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు మెల్లగా పోతాయి, మట్టి ఆగిపోతుంది. రెండడుగుల గోడకి అడుగున కనీసం అడుగు వెడల్పు ఉంచి, వెనక్కి వాల్చి పేర్చాం. పెద్ద రాయి ఏది ఎక్కడ కూర్చోవాలో నాయనకి నాకన్నా బాగా తెలుసు.

మీకు చెక్కే కావాలంటే మందు లేని కొత్త సాలో, టేకో కొనుక్కోండి. పాత స్లీపర్ కొనేముందు ఎండలో పెట్టి వాసన చూడండి. తారు వాసనొస్తే అక్కడే వదిలేసి రండి. పొయ్యిలోకి మాత్రం అస్సలు తేకండి, ఆ పొగ మరీ ప్రమాదం.