రంగు వెయ్యని నీలం

2025 ఆగస్టు 4, జగిత్యాల
గుత్తి సాలీడు ఫొటో చూస్తే కన్ను తిప్పబుద్ధి కాదు. కాళ్లమీద పసుపు, మిగతాది చాలావరకు నీలం. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిందని ఊరిపేరు అంటుకుంది గానీ, కట్టెలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. మళ్లీ కనబడింది 2001లో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో, చెట్టుతొర్రల్లో.

ఆగస్టు 9, కోరుట్ల
జెద్దాలో ఉన్న చిన్నమ్మ కొడుకు వీడియో పంపాడు. మోకాలిలోతు నీళ్లలో చాటంత టేకు చేప, ఒంటినిండా నీలి చుక్కలు, తోకకు రెండు పక్కలా నీలి చారలు. "అన్నా, గిదేంది?" అంటాడు. యెమెన్‌లో 1763లో మలేరియాతో పోయిన ప్రకృతి శాస్త్రవేత్త ఫోర్స్‌కోల్ దీని గురించి రాసిపెట్టాడు. ఆయన పుస్తకం 1775లో అచ్చయింది. వాడికి మాత్రం "దగ్గరికి పోకురా, తోకలో ముల్లుంటది, విషం" అని కొట్టాను. సాలీడుకు విషం కోరల్లో, దీనికి తోకలో.

ఆగస్టు 12, సిరిసిల్ల
అద్దకం షెడ్డులో నూలు చిలపలు జాడిస్తున్నాయన చేతులు మణికట్టు దాకా నీలం. కాలవలో నీళ్లూ నీలమే. ఫోన్‌లో సాలీడు ఫొటో, టేకు వీడియో చూపించాను.
"ఏం రంగు ఏసిన్రు?"
"ఏ రంగూ లేదు."
నమ్మలేదు. నిజమే, రెంటినీ దంచి నూరినా చిటికెడు నీలిమందు రాదు. సాలీడు వెంట్రుకల్లో కంటికానని పొరలున్నాయి, అవి నీలి వెలుగును తిప్పికొడతాయి. గుత్తి సాలీడు లాంటి టరాంటులాల్లో ఈ నీలం కనీసం ఎనిమిదిసార్లు వేర్వేరుగా పుట్టిందని 2015లో తేల్చారు. టేకు చర్మంలో దారి వేరు. కణాల్లో సన్నని గోళాలు, వాటిలో గ్వానిన్ స్ఫటికాలు. కింద మెలనిన్ పొర మిగతా వెలుగును మింగేస్తుంది. ఇది 2024లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ వాళ్లు బయటపెట్టిన సంగతి. నెమలి ఈక పక్కకు తిప్పితే రంగు మారుతుంది, ఈ చుక్కలు ఎటునుంచి చూసినా అదే నీలం.
అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "మీటరుకు ఎంత పడ్తది?"
జపాన్‌లో టీజిన్ కంపెనీ సీతాకోకచిలుక రెక్కను చూసి అద్దకం లేని పోగు తీసింది, తర్వాత ఆపేసింది. అది చెప్పాను. "గంతేగా" అని చిలప పిండాడు.

ఆగస్టు 15, జగిత్యాల
మనకు నచ్చే ఆ నీలమే ఈ రెంటి ప్రాణం మీదికి తెచ్చింది. గుత్తి సాలీడు పిల్లల్ని విదేశాల్లో పెంపకానికి అమ్ముకుంటున్నారు, ఇక్కడ దాని అడవి కట్టెలకు పోతోంది. టేకునూ అక్వేరియాలకు పట్టుకుపోతున్నారు. సాలీడు గాజుపెట్టెలోనూ పిల్లల్ని పెడుతుంది. టేకు అలా కాదు, చాలాసార్లు తిండి మానేసి చచ్చిపోతుంది.