స్నేహం ఇచ్చేదే గాని, తీసుకునేది కాదు

సీ ప్లస్ ప్లస్ నేర్చుకునే రోజుల్లో ‘ఫ్రెండ్’ అన్న మాట చూసి నవ్వుకున్నాను. ప్రోగ్రామింగ్ భాషలో స్నేహానికేం పని అనిపించింది. ఆ మాట వెనుక ఎంత ఆలోచన ఉన్నదో తెలియడానికి చాలా ఏళ్ళూ, నా చేతులారా చేసిన ఒక పొరపాటూ కావలసివచ్చాయి.

ఈ విద్యతో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. క్లాసును ఒక ఇల్లనుకోండి. వచ్చేపోయేవారితో మాట్లాడేది వీధరుగు మీద, అది పబ్లిక్. చిట్టా పుస్తకాలుండేది లోపలి గదిలో, అది ప్రైవేటు. ఆ గదిలోకి ఇంటివారికి తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. అయితే ఒక్కొక్కప్పుడు ఒకే పనికి రెండిళ్ళ లోపలి గదులూ కావలసివస్తాయి. మేట్రిక్సును వెక్టరుతో గుణించే ఫంక్షను ఇందుకు పాత ఉదాహరణ. వేగంగా పని జరగాలంటే అది రెండింటి లోపలి అంకెలనూ నేరుగా చూడాలి. అలాగని గదులను ఊరందరికీ తెరిచిపెట్టలేము కదా!

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో మొదలుపెట్టిన ‘సీ విత్ క్లాసెస్’ 1983లో సీ ప్లస్ ప్లస్ అన్న పేరు పొందింది. ఫ్రెండ్ ఆ తొలి రూపం నాటినుంచీ ఉన్నదే. ఒక క్లాసు తనలో ‘ఫలానా క్లాసు నాకు ఫ్రెండ్’ అని ఒక్క పంక్తి రాసుకుంటే, ఆ ఫలానాకు లోపలి గది తెరుచుకుంటుంది.

ఈ స్నేహానికి కొన్ని నియమాలున్నాయి. ఇంటివారు పిలవాలే గాని, బయటివారు తమంతట తాము స్నేహితులమని చెప్పుకొని లోపలికి రాలేరు. నేను నీకు గది తెరిచినంత మాత్రాన నీ గది నాకు తెరుచుకోదు. నా స్నేహితుడి స్నేహితుడు నాకు స్నేహితుడు కాడు. వారసత్వమూ లేదు, మా నాన్నగారి స్నేహితులు నాకు పెద్దలే గాని స్నేహితులు కానట్టే. మనుషుల మధ్య మనం మొహమాటానికి దాటేసే గీతలను కంపైలరు ఏ మొహమాటమూ లేకుండా కాపాడుతుంది.

ఇక నా పొరపాటు. ఒకచోట పనిచేసేటప్పుడు ఖాతాల లెక్కలు చూసే ప్రోగ్రాము రాశాను. ఖాతా క్లాసులో నిల్వను రూపాయల్లో, పూర్ణాంకంగా దాచాను. నెలవారీ నివేదిక తయారుచేసే క్లాసుకు ఆ నిల్వ కావాలి. అందుకు పబ్లిక్ ఫంక్షను ఉంది. అయినా తొందరలో, నివేదిక క్లాసును ఫ్రెండును చేసి, నిల్వను నేరుగా చదివించాను. రెండేళ్ళ తరువాత పైసలు కూడా లెక్కించవలసివచ్చింది. నిల్వను పైసల్లోకి మార్చి, ఖాతా క్లాసులోని ఫంక్షన్లన్నీ సరిదిద్దాను. తాళంచెవి ఇచ్చిన స్నేహితుడి సంగతి మాత్రం మరిచాను. అప్పుడూ పూర్ణాంకమే, ఇప్పుడూ పూర్ణాంకమే, కంపైలరు నోరెత్తలేదు. ఆ నెల నివేదికలో ప్రతి నిల్వా 100 రెట్లయింది.

ఆ నివేదికను పైవారికి పంపిన కుర్రవాడు కొత్తగా చేరినవాడు. నలుగురి ముందూ మాటలు పడ్డాడు. తప్పు ఎక్కడున్నదో నాకు దొరకడానికి రెండు రోజులు పట్టింది. దొరికిన వెంటనే, అది నాదేనని అందరి ముందూ చెప్పాను. “పరవాలేదు సార్” అన్నాడు. కాని ఆ రెండు రోజులూ అతడు తలవంచుకొని తిరగడం నేను చూశాను. పడ్డ మాట వెనక్కు రాదు.

ఫ్రెండ్ వల్ల గోప్యత చెడుతుందని వాదించేవారు చాలామంది ఉన్నారు. నా అనుభవం తరువాత కూడా నేను ఆ మాట ఒప్పుకోను. రహస్యాన్ని ఒక్కరికి చెప్పడం, వీధిలో చాటింపు వేయడం ఒకటి కావు. పైగా ఎవరికి చెప్పామో ఆ క్లాసులోనే రాసి ఉంటుంది. నేను చేసిన తప్పు గది తెరవడం కాదు. అరుగు మీద తీరిపోయే పనికి గది తెరవడం. తెరిచాక, లోపల సామాను మార్చినప్పుడు ఆ స్నేహితుడికి చెప్పకపోవడం.

ఇప్పటికీ అవసరమైనచోట ఆ పంక్తి రాస్తూనే ఉన్నాను. రాసేముందు ఒక్క క్షణం ఆగుతాను. లోపలి గది సర్దిన ప్రతిసారీ, తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉన్నదో ముందుగా చూసుకుంటాను. ఆ కుర్రవాడి ముఖం అప్పుడు తప్పక గుర్తుకు వస్తుంది.